ఐదో ఆజ్ఞ కోసం కొట్లాట, మరి ఎనిమిదో ఆజ్ఞ?

2022 నవంబరులో వాటికన్ ఒక అమెరికన్ ఫాదర్‌ని గురుత్వం నుంచి, అంటే ఫాదర్ హోదా నుంచి, తొలగించింది. ఆయన పేరు ఫ్రాంక్ పవోనే. అబార్షన్‌ని సమర్థించి దొరికిపోయిన మనిషేమో అనుకునేరు. ‘ప్రీస్ట్స్ ఫర్ లైఫ్’ అనే సంస్థను దాదాపు మూడు దశాబ్దాలు నడిపి, అబార్షన్ వ్యతిరేక ఉద్యమంలో దేశమంతా గుర్తుపట్టే ముఖం ఆయనది. ఆయన మీద నిలిచిన అభియోగాలు రెండు. సోషల్ మీడియాలో దైవదూషణ అనదగ్గ మాటలు మాట్లాడటం, తన బిషప్ ఇచ్చిన ఆదేశాలను పదేపదే ధిక్కరించడం. 2016 అధ్యక్ష ఎన్నికలకు కాస్త ముందు, పూజాపీఠంలా కనిపించే బల్ల మీద అబార్షన్‌లో పోయిన ఒక పిండాన్ని ఉంచి, ట్రంప్‌ని గెలిపించమంటూ ఫేస్‌బుక్ లైవ్ పెట్టింది ఈయనే.

బైబిల్ పది ఆజ్ఞల్లో, కేథలిక్కుల లెక్క ప్రకారం, ‘నరహత్య చేయకూడదు’ అన్నది ఐదో ఆజ్ఞ. ‘అబద్ధ సాక్ష్యం పలకకూడదు’ అన్నది ఎనిమిదోది. (చాలా ప్రొటెస్టెంట్ సభల్లో విగ్రహాల ఆజ్ఞను విడిగా లెక్కపెడతారు, అందుకని అక్కడ ఇవే ఆరు, తొమ్మిది అవుతాయి.) అబార్షన్ గురించి ఆన్‌లైన్‌లో జరిగే కేథలిక్ రాజకీయాన్ని కొన్నేళ్లుగా చూస్తున్న నాకు ఒకటే అనిపిస్తుంది. ఐదో ఆజ్ఞ కోసం దిగిన కొట్లాటలో ఎనిమిదోదాన్ని రెండు వైపులవాళ్లూ కాలరాస్తున్నారు. ఇది నా కొత్త ఆరోపణేమీ కాదు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ విడుదల చేసిన ‘గౌదేతె ఎత్ ఎక్సుల్తాతె’ అనే బోధనా పత్రంలో 115వ పేరా ఇదే మాట చెబుతుంది. కేథలిక్ మీడియాలో కూడా పరువు తీయడం, నిందలు వేయడం మామూలైపోయిందనీ, మిగతా ఆజ్ఞల్ని నిలబెడుతున్నామని చెప్పుకునేవాళ్లే ఎనిమిదోదాన్ని గాలికొదిలేస్తున్నారనీ ఆయన రాశారు.

అబార్షన్ తప్పా ఒప్పా అన్నది తేల్చడానికి కూర్చోలేదు నేను. చర్చి ఏం చెబుతోంది, అది తెర మీదికి వచ్చేసరికి ఏమవుతోంది అన్నదే నా ఆసక్తి.

చర్చి మాటలో డొంకతిరుగుడు లేదు. క్రీస్తు తర్వాత మొదటి రెండు శతాబ్దాల్లో ఎప్పుడో రాసిన ‘డిడాకె’ అనే చిన్న బోధనా పుస్తకంలోనే అబార్షన్ చేయవద్దని ఉంది. రెండో వాటికన్ మహాసభ 1965లో దాన్ని ఘోరమైన నేరంగా పేర్కొంది. 1995లో జాన్ పాల్ 2 రాసిన ‘ఎవాంజెలియుమ్ వీతే’ అనే విశ్వలేఖ (చర్చి మొత్తానికీ పోప్ రాసే బోధనా లేఖ) ఆ బోధనను ఇంకా గట్టిగా నిలబెట్టింది. మధ్యయుగంలో పిండంలోకి ఆత్మ ఎప్పుడు ప్రవేశిస్తుందన్న చర్చ నడిచిన మాట నిజమే. థామస్ అక్వినాస్ లాంటివాళ్లు అది కొన్ని వారాల తర్వాతే అనుకున్నారు. అయినా అంతకుముందు చేసే అబార్షన్‌ని వాళ్లెవరూ ఒప్పుకోలేదు. 2008 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్, కేథలిక్ అయిన నాన్సీ పెలోసీ ఒక టీవీ కార్యక్రమంలో, జీవం ఎప్పుడు మొదలవుతుందో చర్చి పండితులే తేల్చలేకపోయారని తొలినాటి పండితుడు అగస్టీన్ పేరు చెప్పి వాదించారు. సగం నిజం. ఆ సగం నిజంతో చేసిన వాదన మాత్రం నిలబడేది కాదు. బిషప్పులు వెంటనే దిద్దారు. కానీ అప్పటికే ఆ క్లిప్ ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది.

నిషేధం అన్న ఆ ముఖ్యమైన గీత చుట్టూ చర్చి మరికొన్ని గీతలు గీసింది. పోస్టుల్లో మాయమయ్యేవి ఇవే. అబార్షన్ చేయించుకుంటే తనంతట తానే పడే వెలి శిక్ష చర్చి చట్టంలో ఉందని చాలామందికి తెలుసు. అదే చట్టం ప్రకారం పదహారేళ్లు నిండనివాళ్లకు అసలు శిక్షే లేదని, పద్దెనిమిది నిండనివాళ్లకు, తీవ్రమైన భయంతో చేసినవాళ్లకు, అలాంటి శిక్ష ఒకటుందని తమ తప్పు లేకుండానే తెలియనివాళ్లకు ఆ వెలి తనంతట తాను తగలదని ఎంతమందికి తెలుసు? ‘ఎవాంజెలియుమ్ వీతే’లోనే 99వ పేరాలో అబార్షన్ చేయించుకున్న స్త్రీలతో జాన్ పాల్ నేరుగా మాట్లాడతారు. నిరాశకు లొంగిపోవద్దని, ఆ నిర్ణయం వెనక ఎంత నొప్పి ఉండి ఉంటుందో చర్చికి తెలుసునని అంటారు. ఆ పేరాని ఎవరైనా ఫార్వర్డ్ చేయగా నేను చూడలేదు. హిట్లర్ బొమ్మతో పోల్చే పోస్టులైతే బోలెడు చూశాను.

వైద్యం సంగతీ అంతే. తల్లికి వచ్చిన ప్రాణాంతకమైన జబ్బుకి, వాయిదా వేయడానికి వీల్లేని చికిత్స నేరుగా చేసినప్పుడు బిడ్డ దక్కకపోయినా అది నిషిద్ధమైన అబార్షన్ కిందికి రాదు. అమెరికా బిషప్పులు తమ ఆస్పత్రులకిచ్చిన మార్గదర్శకాల్లో 47వ నిబంధన ఇదే. ఈ నిబంధన హద్దు ఎక్కడన్న విషయంలో కేథలిక్ నీతిశాస్త్ర పండితుల మధ్యే వాదనలున్నాయి, అది వేరే సంగతి.

2012 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వేలో సవితా హలప్పనవర్ చనిపోయినప్పుడు ఈ తేడా ఎంత ముఖ్యమో ప్రపంచం చూసింది. ఆమెకు 31 ఏళ్లు, డెంటిస్టు, 17 వారాల గర్భవతి. గర్భం నిలవదని తేలిపోయాక కూడా, పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి ముగించడం కుదరదన్నారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి చనిపోయింది. ‘ఇది కేథలిక్ దేశం’ అన్న మాట తన నోటి నుంచి వచ్చిందని ఆస్పత్రి మిడ్‌వైఫ్ ఒకరు మరణ విచారణలో ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట దేశదేశాల్లో నినాదమైంది. కేథలిక్ సిద్ధాంతమే ఆమెను చంపిందని ఒక వర్గం. సిద్ధాంతానికీ దీనికీ సంబంధమే లేదు, ఇది డాక్టర్ల అలక్ష్యమని ఇంకో వర్గం. రెండూ సులువైన మాటలే. కడుపులో బిడ్డకు తల్లితో సమానంగా జీవించే హక్కుందంటూ 1983లో కేథలిక్ సమాజం ఓటేసి రాజ్యాంగంలో చేర్చుకున్న సవరణ డాక్టర్లను తల్లి ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగాల్సిన స్థితిలోకి నెట్టింది. ఇన్ఫెక్షన్ లక్షణాలను సకాలంలో పట్టుకోకపోవడం కూడా దర్యాప్తులో బయటపడింది. చట్టంలోని అయోమయం, వైద్యంలోని లోపం రెండూ కలిసి ఆమె ప్రాణం తీశాయి. ఈ మూడు వాక్యాల్ని మీమ్‌గా చేయండి చూద్దాం.

ఆ సవరణను 2018 మే 25న ఐర్లండ్ ప్రజలు 66.4 శాతం ఓట్లతో తీసేశారు. ఓటింగ్‌కి రెండు వారాలు ముందు ఒక ముఖ్యమైన సంగతి జరిగింది. విదేశాల నుంచి డబ్బు కట్టి వేయించే రెఫరెండం ప్రకటనలను ఫేస్‌బుక్ ఆపేసింది. మర్నాడే గూగుల్ ఇంకో అడుగు ముందుకేసి, రెఫరెండం ప్రకటనలు ఎవరివైనా సరే వేయబోమంది. అబార్షన్ వ్యతిరేకులు గొంతు నొక్కేశారని మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. ప్రధాన మీడియా తమకు అనుకూలంగా లేదని వాళ్లు ఆన్‌లైన్ ప్రకటనల మీదే ఎక్కువ ఆధారపడ్డారు. అయితే ఒక దేశం రాజ్యాంగాన్ని ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు డబ్బుతో నడిపించడం కూడా సబబు కాదు కదా.

అమెరికాకి వస్తే కథ ఇంకా చిక్కగా ఉంటుంది. అక్కడ చర్చి బోధనకు, ఓటుకు మధ్య లంకె ఎలా వేయాలన్న తగవు సోషల్ మీడియా కంటే చాలా పాతది. 1960లో జాన్ కెనడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి, పోప్ చెప్పినట్టు ఆడే అధ్యక్షుణ్ణి కాబోనని నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. 1973లో అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు ‘రో వర్సెస్ వేడ్’ తీర్పు ఇచ్చాక ప్రశ్న తిరగబడింది. పోప్ మాట వినడం లేదేమని కేథలిక్ నాయకుల్ని అడగడం మొదలైంది. 1983లో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో అబార్షన్, అణుయుద్ధం, మరణశిక్ష, పేదరికం అన్నిటినీ ఒకే నీతి కింద చూడాలన్నారు. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్ గవర్నర్ మారియో కుయోమో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తన వాదన వినిపించారు. అబార్షన్ తప్పని తాను నమ్ముతానని, ఆ నమ్మకాన్ని చట్టంగా అందరి మీదా రుద్దలేనని ఆయన మాట. ఆయనతో ఏకీభవించకపోయినా, అది గంటసేపు ఓపిగ్గా నడిచిన వాదన. ‘వ్యక్తిగతంగా నేను వ్యతిరేకమే, కానీ’ అన్న నాలుగు ముక్కలే తర్వాతివాళ్లకి మిగిలాయి.

ఒక కాగితం సంగతి చెప్పాలి. ఈ మొత్తం జబ్బుని అది ఒక్కటే చూపించేస్తుంది. 2004లో అబార్షన్ హక్కుల్ని సమర్థించే కేథలిక్ జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. అలాంటివారికి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా పంచే అప్పం) ఇవ్వొచ్చా అన్న ప్రశ్న వచ్చింది. అప్పట్లో వాటికన్‌లో సిద్ధాంత విభాగం అధిపతి కార్డినల్ జోసెఫ్ రాట్‌జింగర్, తర్వాత పోప్ బెనెడిక్ట్ 16 అయినవారు. ఆయన అమెరికా కార్డినల్ మెకారిక్‌కి ఒక నోట్ పంపారు. మెకారిక్ దాన్ని మెత్తబరిచి బిషప్పులకు చెప్పారు. జులైలో ఒక ఇటాలియన్ పత్రిక పూర్తి పాఠం బయటపెట్టింది.

ఆ నోట్‌లో అబార్షన్ చట్టాల కోసం పట్టుబట్టి ప్రచారం చేసి ఓటేసే కేథలిక్ నాయకుణ్ణి ఫాదర్ ముందు పిలిచి మాట్లాడాలని, హెచ్చరించాలని, అయినా వినకపోతే ప్రసాదం నిరాకరించాలని ఉంది. యుద్ధం, మరణశిక్షల విషయంలో కేథలిక్కుల మధ్య భిన్నాభిప్రాయం ఉండొచ్చు గానీ అబార్షన్ విషయంలో ఉండటానికి వీల్లేదని కూడా ఉంది. చివర్లో ఒక చిన్న గమనిక. అబార్షన్‌కి అనుకూలమన్న కారణంతోనే ఒక అభ్యర్థికి ఓటేస్తే ఓటరు ఆ పాపంలో పాలుపంచుకున్నట్టే. ఆ వైఖరితో తనకు ఏకీభావం లేకపోయినా వేరే కారణాలతో ఓటేస్తే అది దూరపు సహకారం మాత్రమే, తగినంత బరువైన కారణాలుంటే దాన్ని అనుమతించవచ్చు.

మొదటి ముక్క స్క్రీన్‌షాట్ ఒక శిబిరం దగ్గర ఉంటుంది. చివరి గమనిక స్క్రీన్‌షాట్ ఇంకో శిబిరం దగ్గర. ప్రతి నాలుగేళ్లకీ రెండూ బయటికొస్తాయి. డెమొక్రాట్‌కి ఓటేసినవాళ్లంతా నరకానికే అని ఒకరు, పోపే ఓటేయమన్నాడు పొమ్మని ఇంకొకరు. ‘తగినంత బరువైన కారణం’ అంటే ఏమిటి, లక్షల అబార్షన్ల పక్కన ఏ కారణం తూగుతుంది అన్న అసలు ప్రశ్న దగ్గర ఆగేవాళ్లు బహు తక్కువ. మనస్సాక్షి కష్టపడాల్సింది అక్కడేనని ఆ నోట్ రాసిన మనిషికి తెలుసు. అందుకే రెండు ముక్కలూ ఒకే కాగితం మీద పెట్టారు.

అబార్షన్ హక్కుల్ని సమర్థించే మరో కేథలిక్ బైడెన్ అధ్యక్షుడయ్యాక తగవు మళ్లీ రాజుకుంది. 2021 జూన్‌లో అమెరికా బిషప్పులు దివ్యసత్ప్రసాదం మీద ఒక పత్రం తయారు చేయాలని 168–55 ఓట్లతో తీర్మానించారు. ఆన్‌లైన్ సమావేశం కాబట్టి జనం ఆ చర్చని లైవ్‌లో, క్రికెట్ మ్యాచ్ చూసినట్టు చూశారు. నవంబరులో 222–8తో ఆమోదం పొందిన పత్రంలో తీరా ఏ నాయకుడి పేరూ లేదు. రెండు వైపులా ఉసూరుమన్నారు. 2022 మేలో శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్చిబిషప్ సాల్వతోరే కోర్డిలియోనె, పెలోసీకి తన మేత్రాసనంలో (తన పాలనలోని చర్చి ప్రాంతంలో) ప్రసాదం ఇవ్వకూడదని బహిరంగంగా ప్రకటించారు. జూన్ 24న సుప్రీంకోర్టు రో తీర్పును కొట్టేసింది. జూన్ 29న వాటికన్‌లో పోప్ ఆధ్వర్యంలో జరిగిన దివ్యబలిపూజలో పెలోసీ ప్రసాదం స్వీకరించారు. నెలన్నరలో మూడు దృశ్యాలు. కోర్డిలియోనె తనకు చర్చి చట్టం ఇచ్చిన అధికారాన్నే వాడారు, చాలాసార్లు విడిగా మాట్లాడటానికి ప్రయత్నించాననీ చెప్పారు. అది నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఒక మనిషి ఆత్మ గురించి బెంగతో రాశానన్న లేఖ వార్తల బ్రేకింగ్ స్ట్రిప్‌లో పరుగెత్తుతుంటే ఆ బెంగ ఎవరికి కనిపిస్తుంది?

ఆ సుప్రీంకోర్టు తీర్పు గురించి ఒక పిట్టకథ. తొమ్మిది మంది జడ్జిల్లో ఆరుగురు కేథలిక్కులు కాబట్టి చర్చే తీర్పు రాసిందన్న ప్రచారం జోరుగా నడిచింది. భిన్నాభిప్రాయం రాసిన ముగ్గురిలో ఒకరైన సోనియా సోటోమయోర్ కూడా ఆ ఆరుగురిలోనివారే.

పోప్‌ల విమానం సంగతి ఇంకో చిత్రం. ఫ్రాన్సిస్ విదేశీ యాత్రల నుంచి తిరిగి వస్తూ విమానంలో విలేకరులతో మాట్లాడేవారు. 2021 సెప్టెంబరులో స్లొవేకియా నుంచి వస్తూ ‘అబార్షన్ హత్య’ అన్నారు. అదే జవాబులో, తానెవరికీ ప్రసాదం నిరాకరించలేదని, బిషప్పులు కాపరుల్లా ఉండాలి గానీ రాజకీయ నాయకుల్లా కాదని అన్నారు. మూడేళ్ల తర్వాత సింగపూర్ నుంచి వస్తూ, వలసదారుల్ని వెళ్లగొట్టేవారూ పిల్లల్ని చంపే అబార్షన్‌ని సమర్థించేవారూ ఇద్దరూ జీవానికి వ్యతిరేకులే, తక్కువ చెడుని ఎంచుకోండి, ఏది తక్కువో ఎవరి మనస్సాక్షి వారు చెప్పుకోవాలి అన్నారు. ఆ జవాబులు చిన్నవే. వాటిని కూడా రెండుగా కోసి పంచుకున్నారు జనం.

ఆయన తర్వాత వచ్చిన లియో 14 స్వయంగా అమెరికన్. పోప్ కావడానికి మూడు నెలల ముందు, ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ప్రేమకు వరుసక్రమం ఉందని, ముందు మనవాళ్లు, తర్వాతే బయటివాళ్లని వాదించినప్పుడు, వాన్స్ పొరబడ్డాడనే శీర్షికతో వచ్చిన ఒక వ్యాసం అప్పటికి కార్డినల్ ప్రెవోస్ట్‌గా ఉన్న ఆయన ఎక్స్ ఖాతాలో కనిపించింది. అంటే ఈ గోదా ఆయనకు కొత్త కాదు. 2025 సెప్టెంబరులో షికాగో కార్డినల్ క్యూపిచ్ సెనేటర్ డిక్ డర్బిన్‌కి జీవనసాఫల్య పురస్కారం ఇవ్వబోయారు. వలసదారుల కోసం చేసిన కృషికట. అబార్షన్ హక్కుల్ని సమర్థిస్తాడన్న కారణంగా డర్బిన్‌కి సొంత మేత్రాసనంలో 2004 నుంచే ప్రసాదం లేదు. గొడవ ముదిరింది. లియోని అడిగితే, అబార్షన్‌కి వ్యతిరేకమంటూ మరణశిక్షని సమర్థించేవాడు నిజంగా జీవం పక్షాన ఉన్నట్టు కాదన్నారు. వలసదారుల పట్ల అమానుషంగా ప్రవర్తించడాన్ని సమర్థించేవాడి సంగతీ తనకు అనుమానమేనన్నారు. ఒకరినొకరు గౌరవించుకొమ్మని కూడా అన్నారు. చివరి మాట సంగతి చెప్పక్కర్లేదు. ఆయన పోప్ పదవికే తగడని తీర్పులిచ్చే వీడియోలు వచ్చిపడ్డాయి. డర్బిన్ పురస్కారం వద్దన్నారు.

ఇక అచ్చమైన అబద్ధాల సంగతి. 2022 ఆగస్టు 2న కాన్సస్ రాష్ట్రంలో, రాష్ట్ర రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదని రాసుకునే సవరణ మీద ఓటింగ్ జరిగింది. ‘అవును’ అంటే అబార్షన్‌ని కట్టడి చేసే దారి తెరుచుకుంటుంది. కేథలిక్ మేత్రాసనాలు బాహాటంగా, సొంత పేరుతో, భారీగా డబ్బు పెట్టి ‘అవును’ కోసం ప్రచారం చేశాయి. అందులో తప్పేం లేదు, నమ్మిందే చెప్పారు. కానీ ఓటింగ్ ముందురోజు ఎవరు పంపారో తెలియకుండా ఓటర్ల ఫోన్లకు మెసేజ్‌లు వెళ్లాయి. మహిళలకు ఎంచుకునే హక్కు కావాలంటే ‘అవును’కి ఓటేయండి అని. పూర్తిగా తలకిందులు. సవరణ 59 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది. ఆ మెసేజ్‌లు చర్చి పంపినవి కాదు. కానీ చర్చి కోరుకున్న గెలుపు కోసమే ఎవరో ఆ పని చేశారు. అలాంటి చోట చర్చి గొంతు ఎంత గట్టిగా లేవాలో అంత గట్టిగా లేచిందని నేననుకోను.

నిజానికి కేథలిక్ సత్యోపదేశం (చర్చి బోధనలన్నిటినీ కూర్చిన గ్రంథం) ఈ విషయంలో అబద్ధం దగ్గరే ఆగదు. 2477వ అంశంలో మూడు పాపాల పేర్లున్నాయి. తగిన ఆధారం లేకుండా పక్కవాడి తప్పుని నిజమని లోలోపలైనా నమ్మేయడం ఒకటి. అబద్ధం చెప్పి పరువు తీయడం ఇంకొకటి. మూడోదే నన్ను ఆపింది. నిజమైన తప్పునే అయినా, సరైన కారణం లేకుండా, తెలియనివాళ్లకు చెప్పడం. ఉన్నదే చెప్పాం కదా అన్న సమర్థన అక్కడ చెల్లదు. ఆ తర్వాతి అంశం, పక్కవాడి మాటకు ముందు మంచి అర్థం తీయడానికి ప్రయత్నించమంటుంది. ఈ రెండిటినీ పాటిస్తే కేథలిక్ యూట్యూబ్‌లో సగం ఛానళ్లు మూసుకోవాల్సిందే. 2023 మేలో వాటికన్ కమ్యూనికేషన్ విభాగం సోషల్ మీడియా మీద తెచ్చిన పత్రం, బిషప్పులు, ఫాదర్లు కూడా విభజన పెంచే మాటలకు అతీతులు కారని ఒప్పుకుంది. అదే నెలలో టెక్సస్‌లోని టైలర్ బిషప్ జోసెఫ్ స్ట్రిక్‌లాండ్, విశ్వాస నిధిని, అంటే అపొస్తలుల నుంచి చర్చికి అందిన బోధనను, పోప్ ఫ్రాన్సిస్ బలహీనపరుస్తున్నారని ట్వీట్ చేశారు. నవంబరులో ఆయన్ని పదవి నుంచి తప్పించారు.

చర్చికి ప్రచారం చేతకాదని కాదు. రచయితలకు, జర్నలిస్టులకు కేథలిక్కులు పాలక పునీతుడిగా ఎంచుకున్న ఫ్రాన్సిస్ డి సేల్స్, 1590లలో ఆల్ప్స్ పర్వతాల పక్కన, ప్రొటెస్టెంట్లుండే షబ్లే ప్రాంతంలో తన ప్రసంగం వినడానికి ఎవరూ రాకపోతే కరపత్రాలు రాసి తలుపుల కింద తోసేవాడు. ప్రత్యర్థి పట్ల మర్యాద తప్పకపోవడమే ఆయనకు పేరు తెచ్చింది. ఆయనకు లేనిదీ ఇప్పటివాళ్లకి ఉన్నదీ లైకుల లెక్క. తలుపు కింద తోసిన కాగితాన్ని లోపలివాళ్లు చింపారో చదివారో ఆయనకు తెలిసేది కాదు. ఇప్పుడు ఏ వాక్యానికి ఎంత మంట లేచిందో నిమిషంలో తెలిసిపోతుంది. మర్నాడు అలాంటి వాక్యమే మళ్లీ రాయాలనిపిస్తుంది.

ఈ రచ్చంతా చదివేవాళ్లలో ఒక పాఠకురాలు ఉంటుంది. కామెంటు పెట్టదు, లైకు కొట్టదు. తనకు జరిగింది ఎవరికీ చెప్పలేదు. అమెరికా కేథలిక్కుల్లో పదిమందికి దాదాపు ఆరుగురు అబార్షన్ చాలా సందర్భాల్లో చట్టబద్ధంగా ఉండాలంటారని సర్వేలు చెబుతున్నాయి. అంటే ఆమె గుడికి దూరంగా ఎక్కడో లేదు, ముందు వరుసలోనే కూర్చుని ఉండొచ్చు. అలాంటివాళ్ల కోసం 1984లో మిల్వాకీలో ‘ప్రాజెక్ట్ రేచల్’ అనే సేవ మొదలైంది. ఫాదర్లు, కౌన్సెలర్లు ఒక్కొక్కరితో, గుట్టుగా మాట్లాడతారు. నలభై ఏళ్లుగా నడుస్తున్నా దాని గురించి పెద్దగా తెలియకపోవడానికి కారణం, అందులో చూపించడానికి ఏమీ లేకపోవడమే. లైవ్ పెడితే ఆ పనే ఉండదు.

ఒకప్పుడు ఈ పాపాన్ని క్షమించి వెలిని తీసేసే అధికారం మామూలుగా బిషప్పుల చేతిలో ఉండేది. చాలాచోట్ల వాళ్లు దాన్ని ఫాదర్లకు అప్పగించేవారు, కొన్నిచోట్ల లేదు. 2015లో ఫ్రాన్సిస్ కరుణ జూబిలీ అనే ఒక్క ప్రత్యేక సంవత్సరానికి ఫాదర్లందరికీ ఆ అధికారమిచ్చారు. 2016 నవంబరులో దాన్ని శాశ్వతం చేశారు. అదే నెలలో పవోనే ఆ లైవ్ పెట్టారు. ఆ వీడియోని ఎంతమంది చూశారో ఫేస్‌బుక్ లెక్క చెప్పగలదు. ఫ్రాన్సిస్ తెరిచిన తలుపు దాటి పాపసంకీర్తన గదిలోకి, ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే చోటికి, ఎంతమంది వెళ్లారన్న లెక్క మాత్రం వాటికన్ దగ్గర కూడా లేదు.